శనివారం సంతకం

శుక్రవారం పండుగ సెలవు, ఆదివారం ఎలాగూ సెలవే. నడుమ శనివారమొక్కటే అడ్డం. తొంభైలలో యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక ఆఫీసులో గుమస్తాగా ఉన్న నాకు అదేమంత పెద్ద అడ్డం కాదు. గురువారం సాయంత్రమే హాజరు రిజిస్టరులో శనివారం గడిలో కూడా సంతకం పెట్టేశాను. చాయ్‌కి వెళ్లాననుకుంటారని నా స్వెటర్‌ను కుర్చీకి తగిలించాను. రాయాల్సిన సర్టిఫికెట్ల కట్టను సంచిలో వేసుకుని జనగామలో అక్క వాళ్లింటికి వెళ్లాను. అక్కడ ఆ కట్ట ముడి విప్పనేలేదు.

ఆదివారం తిరుగు బస్సులో పక్కన కూర్చున్న ఒకావిడ నన్ను చూసి నవ్వింది.

"నిన్న మా బిడ్డ సర్టిఫికెట్ మీరే రాసిచ్చిండ్రు గద సార్."

"నిన్న నేను జనగామల ఉన్ననమ్మా," అన్నాను.

ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసి నా ఒళ్లో పెట్టింది. నా చేతిరాతే. నా సంతకమే. కింద శనివారం తేదీ.

తార్నాకలో దిగబోతూ ఆవిడ ఆగింది. "పొద్దుగూకింది, ఇంటికి పోరా సార్ అని నిన్న మిమ్ముల అడిగిన. ఊరికి పోయినాయన వచ్చినంక పోతా అన్నరు. ఆయన వచ్చిండా?"

కండక్టరు తొందరపెడితే కాగితం తీసుకుని దిగిపోయింది.

సోమవారం ఆఫీసుకు వెళ్తే కుర్చీకి స్వెటర్ లేదు. ఎవరూ తీయలేదన్నారు. సాయంత్రం మెట్టుగూడలో నేనొక్కడినే ఉండే గదికి వచ్చి తాళం తీశాను. ఆ తాళానికి ఉన్న ఒక్క చెవీ రోజంతా నా జేబులోనే ఉంది.

పొద్దున ఖాళీగా ఉన్న మేకుకు స్వెటర్ వేలాడుతోంది.