టైర్లలో గాలి

ఎలక్ట్రిక్ కారు కొనే ముందు ఒక పట్టిక రాసుకున్నాను. బంకు వైపు: మా పేట సారం నుంచి మురుంగపాక్కం దాకా పోవడం, వరుసలో ఆగడం, పెట్రోలు వాసన. ఇంటి వైపు: సాయంత్రం ప్లగ్గు పెట్టడం, పొద్దున తీయడం. దూర ప్రయాణాల్లో చార్జింగుకు ఆగాల్సిన సమయం కూడా రాశాను. అయినా ఇల్లే గెలిచింది.

ఆ పట్టికలో మా నాయన లేడు.

ఆయన మిల్లులో చేసి రిటైరయ్యాడు. ఆదివారం పొద్దున నేను మా పాత తెల్లకారులో పెట్రోలుకు బయల్దేరితే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు సీట్లో కూర్చునేవాడు. బంకులో టైర్లకు గాలి కొట్టే మనిషి మిల్లులో ఆయన షిఫ్టువాడే. ఈ తమిళ ఊళ్లో వాళ్లింట్లోనూ మా మాదిరే తెలుగు.

"ఏంది అన్నా, పోయిన వారం కొట్టిన గాలంతా ఏం చేస్తివి?"

"నువ్వు కొట్టింది యాడ నిలుస్తాది? మాటలు ఆపి మీటరు చూడు."

అయిదు నిమిషాల పనికి అరగంట పట్టేది. నేను గడియారం చూసుకునేవాణ్ణి. ప్రతి వారం చూసే మనిషి కదా అని వాళ్లు ఫోన్ నంబర్లు కూడా తీసుకోలేదు. పని లేకుండా ఒకరి దగ్గరికి పోవడం నాయనకు అలవాటు లేదు.

ఎలక్ట్రిక్ కారు టైర్లకూ గాలి కావాలి. దానికీ నేనొక చిన్న పంపు కొన్నాను. మొదటి ఆదివారం నాయన చొక్కా తొడుక్కుని వాకిట్లోకి వచ్చాడు.

"గాలి?"

"ఇంట్లోనే కొట్టేసినా నైనా. ఇంక యాడికీ పోయే పన్లేదు."

"మంచిదేలే," అని లోపలికి పోయాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

కొన్ని నెలలకు పంపు చెడిపోయింది. బంకుకు పోదామంటే నాయన నాకంటే ముందే కార్లో కూర్చున్నాడు. అక్కడ గాలి కొడుతున్నది వేరే మనిషి. పాతాయన పని మానేసి బాహూరు పక్క ఏదో పల్లెలో కూతురింటికి పోయాడని తమిళంలో చెప్పాడు. ఏ పల్లె అనేది తనకు తెలియదట. పోయేదాకా ప్రతి ఆదివారం ఆ పాతాయన, ఆ తెల్లకారు వాళ్లు ఊరు మారిపోయారా అని అడుగుతుండేవాడట.

తిరిగి వస్తూ, "బాహూరు పోయి విచారిద్దామా నైనా?" అన్నాను.

"ఏం పనుందని పోతాం?"

కాసేపటికి ఆయనే, "వీడు గాలి ఎక్కువ కొట్టినట్టుండాడు," అన్నాడు.

కార్లో ముందున్న తెర మీద నాలుగు టైర్ల అంకెలూ సరిగ్గానే ఉన్నాయి.

"ఔను నైనా," అన్నాను.