భిక్షాపాత్ర అధ్యాయం

మా ముత్తాత కొన్ని ఊళ్ల శిస్తు వసూలు చేసే ముఠాదారు. మా తాత కచేరీ సావిట్లో కూర్చుంటే చుట్టుపక్కల ఊళ్ల తగువులు అక్కడే తీరేవి. గుమ్మంలోకి వచ్చిన బైరాగి ఎవడూ ఖాళీ జోలెతో తిరిగి వెళ్లలేదు. మా నాన్న కాలానికి భూములు వ్యాజ్యాల్లో పోయాయి. పెట్టే అలవాటు మాత్రం పోలేదు. ఆ ఇంటికి మిగిలిన వారసుణ్ణి నేను. కూలి ఒప్పందపు గిర్మిట్ కాగితం మీద అందరూ వేలిముద్ర వేస్తే నేను సంతకం పెట్టి, భార్యతో ఓడెక్కి సముద్రాల అవతల లబాసా చెరుకు తోటకు వచ్చాను.

మా పెట్టెలో మా తాత ముద్ర ఉంగరం, అట్ట ఊడిన నవల ఒకటి ఉండేవి. రాజ్యాన్నీ పసిబిడ్డనూ విడిచి బౌద్ధ భిక్షువైన ఒక యువరాజు కథ. ఆదివారాలు కూలీ లైను గదుల ముందు కూర్చుని దాన్ని పైకి చదివేవాణ్ణి. యువరాజు మొదటిసారి భిక్షాపాత్ర పట్టుకుని ఒక పేదరాలి గుడిసె ముందు నిలబడే అధ్యాయం మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవారు. అతనికి సిగ్గు లేదు, అహం లేదు. ఎవరు ఏది వేసినా తింటాడు. అది చదువుతూ కండువాతో కళ్లు తుడుచుకునేవాణ్ణి. పురాణం చెప్పినవాడికి ఇచ్చినట్టు చివర్లో తలా గుప్పెడు బియ్యం తెచ్చేవారు. నేను పుచ్చుకునేవాణ్ణి కాదు.

బిడ్డ పుట్టాక నా భార్యకు జ్వరం తగిలి విడవలేదు. పనికి వెళ్లక ఆమె కూలి ఆగింది. రోజుకింత అని నాకు కొలిచిచ్చిన టాస్కు సాయంత్రానికి పూర్తయ్యేది కాదు. పూర్తికాని పనికి మాపై అజమాయిషీ చేసే సర్దారు కూలి రాయడు. తిండి చాలక ఆమెకు పాలు ఎండిపోయాయి. బిడ్డ ఏడవడం కూడా తగ్గించింది.

ఆ ఆదివారం పక్కగది ముసలమ్మ బియ్యంతోపాటు ఎండుచేపల పులుసు తెచ్చింది.

"ఇంద బాబుగోరూ. బాలింతరాలి కడుపులో ఇది పడితే పాలొస్తాయి."

"మా ఇంట పుచ్చుకునే అలవాటు లేదమ్మా. పైగా నీచు."

"ఆ రాజుగోరి కొడుకు అడుక్కుంటే ఏడ్సీసినావు. నువ్వు పుచ్చుకోడానికేటి? ఆ బాబు కన్నా పెద్ద రాజువా?"

అవతల కూర్చున్నవాళ్లు నవ్వారు. నేను పుస్తకం మూసి లోపలికి వెళ్లాను.

చాప మీద పడుకున్న నా భార్య అడిగింది: "ఆ గుడిసె ఆవిడ ఆయనకి పెట్టేశాక, ఆ పూట తను ఏం తిందండీ?"

"పుస్తకంలో లేదు."

"ఆయన వదిలేసొచ్చిన పిల్లాడు?"

"అదీ లేదు."

నిజంగానే లేదు. ఆశ విడవమని పేజీల కొద్దీ చెప్పిన భిక్షువు రోజూ ఎవరో ఒకరి పొయ్యి దగ్గరికే వస్తాడు. ఆ పొయ్యిలోకి కట్టెలు ఎవరు తెచ్చారో రచయిత ఒక్కచోటా రాయలేదు.

నా భార్య గోడ పట్టుకుని లేచి గుమ్మం దాకా వెళ్లింది. "ఇలా ఇయ్యి అత్తా," అని రెండు చేతులూ చాచింది. నా వైపు చూడకుండా అక్కడే కూర్చుని తింది. మా ఇంటి కోడలు ఒకరి ముందు చేయి చాచడం అదే మొదలు. నేను ఆపలేదు. ఆపి పెట్టడానికి నా కుండలో ఏమీ లేదు.

కొన్నాళ్లు లైనువాళ్లు వంతులేసుకుని పెట్టారు. పాలు వచ్చాయి గాని చాలలేదు. వాళ్ల కుండలూ అడుగంటాయి. ముసలమ్మ ఉత్త గంజి తాగి పనికి వెళ్లడం నా కళ్లతో చూశాను. ఆ రోజు నుంచి వాళ్ల ముద్ద మా గుమ్మం దాటనివ్వలేదు. బిడ్డకు మెడ నిలబడడం లేదు. గిర్మిట్ ముగించుకుని ఆవును పెట్టుకున్న ఒక రైతు పాలు అమ్ముతానన్నాడు. లబాసా బజారుకు వెళ్లి, ఆ పాల కోసం మా తాత దస్తావేజుల మీద వేసిన ముద్ర ఉంగరం అమ్మేశాను.