పుర్రచేతి గోడ

డోన్‌లో రైలు పట్టాలకు అవతల ఓబుళేశు కట్టుకున్న ఇంట్లో కారు షెడ్డు ఉంది, కారు లేదు. మేస్త్రి గీసిన ప్లానులో ఉంది కదా అని కట్టించాడు. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టే పని పద్దెనిమిదేళ్లుగా ఆ షెడ్డులోనే చేస్తున్నాడు.

చూసేవారికి అది షెడ్డు కాదు, గుట్ట. స్పానర్లు గోనెసంచిలో, బుష్షులు పాత పచ్చడి జాడీలో, గ్రీజు డబ్బా మంచం కింద. అయితే తల తిప్పకుండా ఎడమచెయ్యి చాపితే చాలు, కావలసిన సామాను ఆ చేతిలోకి వచ్చేది. అతనిది పుర్రచెయ్యి. పని నేర్పిన ఖాదర్ ఉస్తాద్ మొదటిరోజే అది చూసి, "దేని జాగా దానికియ్యి. ఏ చేత్తో చేస్తే నాకేంది?" అన్నాడు. ఓబుళేశు పనితనాన్ని తప్పుపట్టడానికి ఆధారం దొరకదు. అతను చుట్టిన మోటారు మళ్లీ అతని గడపకు రావడం అరుదు.

అంతటివాడికీ ఒక కడుపుమంట ఉంది. దాని పేరు యేసుప్రసాద్. అదే ఉస్తాద్ దగ్గర, అదే ఏడు పనికి చేరినవాడు. మూడు వీధుల అవతల అతనికీ కారు లేని కారు షెడ్డే. పోయిన ఎండాకాలం అతను ఆ షెడ్డును మొత్తం సర్దాడు. బేతంచెర్ల నాపరాళ్లు గోడలో దిగేసి అరలు పెట్టాడు. కూర్చునే చోటికి కుడిపక్క గోడకు పెద్ద చెక్క పలక బిగించి, మేకులకు పనిముట్లు తగిలించి, ఒక్కోదాని చుట్టూ దాని ఆకారాన్ని ఎర్రరంగుతో గీశాడు. ఏది తీసినా ఎర్రగీత మిగులుతుంది. ఏది లేదో గోడే చెబుతుంది.

ఓబుళేశు భార్య గంగక్క చుట్టాల పెండ్లిపత్రిక ఇవ్వడానికి ఆ ఇంటికి వెళ్లి వచ్చింది.

"యేసుప్రసాదన్న షెడ్డు చూస్తివా? చర్చి మాదిరి ఉండాది. చెప్పులిడిసి లోపలికి పోవల్లనిపిస్తాది."

"అయితే మనది?"

"మనదీ అంతే. ఈడ చెప్పులిడిస్తే మళ్ల దొరకవు."

ఆ మాట ఓబుళేశుకు అన్నం సహించనివ్వలేదు. మరుసటి వారంలో మూడుసార్లు యేసుప్రసాద్ షెడ్డుకు వెళ్లాడు. ఒకసారి తీగ రకం అడగడానికి, ఒకసారి ఊరికే. మూడోసారి, బిగుసుకున్న బుష్షును ఊడలాగే మూడుకాళ్ల పుల్లర్ కావాలని అడిగి తెచ్చుకున్నాడు. నిజానికి అతనికి పుల్లర్ అక్కరలేదు, జీవితమంతా కర్రముక్క ఆనించి సుత్తితో తట్టి ఊడదీసినవాడు. వెళ్లిన ప్రతిసారీ గోడకు ఆనుకున్నట్టు నిలబడి పలకను జానలతో కొలిచాడు. అర ఎత్తు, మేకుకూ మేకుకూ మధ్య ఎడం, ఎర్రరంగు ఛాయ, అన్నీ పట్టుకొచ్చాడు.

ఆదివారం యేసుప్రసాద్ చర్చికి వెళ్లిన వేళ పని మొదలుపెట్టి, నాలుగు రోజుల్లో తన షెడ్డులో ఆ గోడనే నిలబెట్టాడు. కుడిపక్క పలకా అదే, అరలూ అవే, గీతలూ అవే. తెచ్చుకున్న పుల్లర్‌కు కూడా ఒక ఆకారం గీసి దాన్ని తగిలించాడు. గంగక్క లోపలికి వచ్చి చెప్పులు విడిచింది. ఆ ఒక్క క్షణం కోసమే చేశాడని చెబితే అబద్ధం కాదు.

మరునాడు తెల్లవారగానే నరసన్న ఆటోలో మోటారు వేసుకొచ్చాడు. ఓబుళేశు షెడ్డు పెట్టిన నాటి నుంచీ అతని దగ్గరికే వచ్చే ఉల్లి రైతు.

"గడ్డ ఊరే టైమప్పా. పొద్దుమునిగేలోపల బోర్లోకి దించకపోతే పైరు చేతికి రాదు."

"నా మాట ఎప్పుడన్నా తప్పిందా? ఆ డ్రమ్ము మీద కూర్చో."

నరసన్న కూర్చున్నాడు. ఓబుళేశు చెయ్యి ఎడమకు సాగింది. అక్కడ ఉత్త గోడ. పనిముట్లన్నీ కుడివైపు ఉన్నాయి. కటింగ్ ప్లేయర్‌కు ఒకసారి, సుత్తికి ఒకసారి, స్పానర్‌కు ఒకసారి నడుము తిప్పి, ఒంటిమీదుగా చెయ్యి చాపవలసి వచ్చింది. మధ్యాహ్నానికి సగం పని కూడా కాలేదు. అలా తిరుగుతున్నప్పుడే చేతిలోని తీగ కొత్త నాపరాయి అంచుకు రాసుకుని, దాని ప్లాస్టిక్ తొడుగు బారెడు పొడవున చీరుకుపోయింది. ఆ తీగతో చుట్టిన మోటారు నీళ్లలోకి దిగగానే కాలుతుంది. చుట్టినదంతా ఊడదీయాల్సి వచ్చింది.

నరసన్న లేచి నిలబడ్డాడు. కోపంగా కాదు, లెక్కగా అడిగాడు. "ఓబుళేశూ, యేసుప్రసాదు దగ్గరికి ఎత్తుకపోదునా?"

పద్దెనిమిదేళ్లలో ఆ ప్రశ్న వినడం అదే మొదలు. ఓబుళేశు జవాబు చెప్పకముందే వాకిట్లో యేసుప్రసాద్ గొంతు వినబడింది.

"ఏమప్పా, పుల్లర్ పని అయిపోయిందా? వారం నుంచి నా గోడ మీద దాని జాగా బోసిగా ఉండాది."

లోపలికి వచ్చినవాడు అక్కడ తన గోడనే చూశాడు. ఎర్రగీతలు, అరలు, అన్నీ. ఓబుళేశు ముఖం నేలకు వాలింది. యేసుప్రసాద్ ఎగతాళి చేయడానికి అంతకంటే మంచి అదను లేదు. మోటారును తన షెడ్డుకు ఎత్తుకుపోవడానికీ అంతకంటే మంచి అదను లేదు.

అతను పలకనూ, ఓబుళేశు ఎడమచేతినీ మార్చి మార్చి చూశాడు.

"అంతా సరిగ్గ కొలిచినావు. చెయ్యి ఒక్కటి మర్సినావు. ఇది నా చేతికి కట్టిన గోడప్పా. నీది పుర్రచెయ్యి గదా!"

ముందు నరసన్న నవ్వాడు. యేసుప్రసాద్ చొక్కా చేతులు మడిచి, మరలు విప్పి, పలకను దించాడు. "పట్టన్నా" అని నరసన్న చేత ఒక కొస పట్టించి, ఎడమ గోడకు బిగించాడు. బిగిస్తూనే అన్నాడు:

"నువ్వు కండ్లు మూసుకొని గుట్టలోంచి తీస్తాంటే ఉస్తాద్ దగ్గర శానా కుళ్లుకుంటాంటి. నాకు ఏది యాడుందో గుర్తుండదు. అందుకే బొమ్మలు గీసుకున్యా."

ఓబుళేశు వినిపించుకోనట్టు తీగ అందుకున్నాడు. ఇక చెయ్యి చాపితే సామాను ఉంది. వేళ్లు పాత వేగం అందుకున్నాయి. పొద్దు పట్టాల మీదికి వాలకముందే మోటారు పరీక్షకు నిలిచి, ఒక్క అపశ్రుతి లేకుండా తిరిగింది.

"ఓబుళేశు చెయ్యి ఓబుళేశుదే," అన్నాడు నరసన్న, మోటారును ఆటోలోకి ఎత్తిస్తూ. ఎక్కి కూర్చున్నాక మరో మాట చేర్చాడు. "మనసు మాత్రం యేసుప్రసాదుది."

ఆ రెండోమాట ఓబుళేశు గుండెలో ముల్లులా దిగింది. కుళ్లుకున్నానని నలుగురి ముందూ ఒప్పుకోగల ధైర్యం కూడా ఆ మనిషికే ఉండాలా? న్యాయంగా చూస్తే యేసుప్రసాద్ ఆ రోజు అతని పద్దెనిమిదేళ్ల పేరు నిలిపాడు. న్యాయం తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆరదు.

యేసుప్రసాద్ తన పుల్లర్ తీసుకుని వెళ్లిపోయాడు. గంగక్క టీ గ్లాసులతో వచ్చి గోడ వైపు చూసింది. పలక నిండా పనిముట్లు ఉన్నాయి. ఒక్క చోట మాత్రం మూడుకాళ్ల ఎర్రగీత ఖాళీగా ఉంది.

"అదేంది, ఆడ ఒకటి బోసిగా ఉండాది? రంగు పూసేద్దునా?"

ఓబుళేశు టీ గ్లాసు అందుకుని ఆ గీత వైపు చూశాడు.

"పూయొద్దు," అన్నాడు. "అది యేసుప్రసాదు జాగా."