మైనం పట్టని స్కీలపై ఎడ్విజ్ ఎక్కిన మిట్ట

మా జురా కొండలలో నవంబరులో కురిసిన మంచు ఏప్రిల్ దాకా కరగదు. అందుచేత మా అన్న కూతురు ఎడ్విజ్ గ్రాపినే నడక నేర్చిన మరుసటి శీతకాలానికే మంచుపై నడిపే పొడుగు పలకలను, స్కీలను, కాళ్లకు తొడుక్కుంది. పదిహేడవ ఏట జాతీయ జట్టులో చేరింది. పదహారేళ్లు దేశదేశాల మంచుపై పరుగెత్తింది. ఆరుమార్లు నాలుగవ స్థానం దక్కిందే కాని, పతకం ఒక్కనాడూ ఆమె మెడలో పడలేదు. వేసవి వస్తే ఊరి చీజ్ శాల నేలమాళిగలో, నలభై కిలోల చీజ్ చక్రాలను రోజుకు రెండువందల దాకా తిరగేసి ఉప్పునీటితో తుడిచేది.

1986 మార్చిలో మా ఊరి అడవిలో జరిగే జాతీయ పోటీయే తనకు చివరిదని ముందే చెప్పింది. ఇరవై కిలోమీటర్ల దూరం. నిటారు మిట్ట ఒకటి అడ్డుపడే ఒకే బాటను రెండుసార్లు చుట్టిరావాలి.

ఆమె స్కీలకు మైనం పూసేవాణ్ణి నేనే. స్కీ అడుగున, నడిమి భాగంలో పూసిన మైనం మంచును పట్టుకుంటేనే మిట్ట ఎక్కగలరు. లేనిచో కాలు వెనక్కి జారుతుంది. మా ఇంట ఉష్ణమాపకాన్ని ఎవరూ నమ్మరు. మంచును అరచేత పిసికి, పొడిగా రాలితే గట్టి మైనం, ముద్ద కడితే మెత్తనిది పూస్తాము. ఆ ఉదయం మా కొట్టాం వెనుక పిడికెడు మంచు తీసి పిసికాను. పొడిగా రాలింది.

"బాబాయ్, ఎండ కాసేలా ఉంది. మెత్తనిది వెయ్యరాదూ?"

"నలభై ఏళ్లుగా పిసుకుతున్నానే పిల్లా, నాకా చెప్తున్నావు?"

"సరేలే. నీ అరచెయ్యి ఎప్పుడు తప్పింది గనక!"

కొట్టాం వెనుక రోజంతా నీడేనన్న సంగతి నాకు తోచనే లేదు.

పదిగంటలకల్లా మిట్టపై ఎండ పరచుకుంది. మొదటి చుట్టులో ఎడ్విజ్ అక్కడికి వచ్చేసరికి కాళ్లు వెనక్కి జారుతున్నాయి. మిట్ట పక్కన నిలిచిన నేను జేబులోంచి మైనం తీసి ముందుకు ఉరికాను.

"ఆగవే! ఇదిగో మెత్తని మైనం, పూసుకో!"

"ఆగితే అంతే సంగతులు! అడ్డం తప్పుకో, ముసలోడా!"

అప్పుడామె కాళ్లను నమ్మడం మానేసింది. చేతుల్లోని రెండు కర్రలనూ ఒక్కసారిగా మంచులో గుచ్చి, నడుము వంచి, చేతులతోనే తన దేహాన్ని పైకి లాగింది. గుచ్చడం, లాగడం; మళ్లీ గుచ్చడం. అంత నిటారు మిట్టను చేతుల బలంతో ఎక్కినవారిని నేను అంతకుమునుపు చూడలేదు, ఆ పిమ్మటా చూడలేదు. చీజ్ శాలలో పెరిగిన ఆ భుజాలు కోటు కింద చక్రాల వలె తిరుగుతుంటే, ఆవుల మెడగంటలు మోగిస్తూ అరుస్తున్న జనం మెడలు చాచి ముందుకు వంగారు. రెండవ చుట్టులోనూ ఆమె అట్లే ఎక్కింది.

గమ్యం దాటి కూలబడింది. అరనిమిషానికొకరు చొప్పున బయలుదేరి, ఎవరికి పట్టిన కాలం వారికి లెక్కించే పోటీ అది; ఇంకా తొమ్మిదిమంది రావలసి ఉంది. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా నేను కాలపట్టిక వైపు చూడలేక టోపీ నలుపుకుంటూ నిలిచాను. చివరి అమ్మాయి ఎడ్విజ్ కంటే రెండు సెకన్లు వెనుకబడింది. ఎడ్విజ్‌ది మూడవ స్థానం!

"తప్పు నాదేనే తల్లీ," అన్నాను.

ఆమె చేతితొడుగులు ఊడదీసింది. అరచేతుల చర్మం లేచిపోయి నెత్తురు ఊరుతోంది. ఆ మంట చల్లారడానికి పక్కనున్న మంచును పిడికిట పట్టి పిసికింది. పిడికిలి విప్పి, ఎర్రబారిన మంచుముద్దను నా ముక్కు కింద పెట్టింది.

"చూశావా బాబాయ్? ముద్ద కట్టింది."