తీసే ముందు అడిగింది!

నేను రాసింది ఇవాళ ఒకరు అక్షరం వదలకుండా చదివారు! చదివింది మనిషి కాదు, చెప్పిన పని చేసిపెట్టే ఏఐ ఏజెంటు. అయినా సంతోషం సంతోషమే.

చేయాల్సిన పనుల జాబితా యాప్‌లో లేబుళ్లు పెట్టడం, తీసేయడం ఏజెంటే చేసుకునేలా మా ఆఫీసువాళ్లు టూల్స్ తయారుచేస్తున్నారు. ఏ టూల్ ఎలా వాడాలో దానికి అర్థమయ్యేలా రాయడం నా ఉద్యోగం. లేబుల్ తీసేసే టూల్‌కి ఈ రోజు ఒక వాక్యం చేర్చాను: "ఆ లేబుల్‌తో పనులు మిగిలి ఉంటే, ముందు వాటిని చూపించి అడగాలి."

పరీక్షకు మా ఇంటి జాబితానే వాడాను. మేముండే మిర్యాలగూడ నుంచి ఒక్క పని కోసం ఎవరు బస్సెక్కుతారు? అందుకే ఏ ఊళ్లో చేయాల్సిన పనులన్నిటికీ ఆ ఊరి పేరే లేబుల్: కోదాడ, సూర్యాపేట. సాయంత్రం మా ఆయన సూర్యాపేట నుంచి వస్తూనే, "అన్ని పనులైనయ్, ఇగ ఆ లేబుల్ తీసెయ్" అన్నారు. ఏజెంటుకి అదే చెప్పాను.

అది తీయలేదు! "ఒక పని మిగిలి ఉంది: అత్తమ్మ కళ్లజోడు తేవాలి. అయినా తీసేయమంటారా?" అని అడిగింది.

నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. పక్కనే ఉండి విన్న అత్తమ్మ మాత్రం కొడుకు వైపు తిరిగారు.

"ఏందిరా, దానికి యాదికున్నది నీకు లేకపాయె?"

"రేపు మళ్ల పోతనే అమ్మా."

"నువ్వొద్దు. కోడలా, రేపు దాన్నే పంపు సూర్యాపేటకు!"

ఏజెంటును బస్సెక్కించి ఊరికి పంపే టూల్ ఇంకా రాలేదు. మీలో ఎవరైనా తయారుచేస్తే చెప్పండి, ఎలా వాడాలో ఉచితంగా రాసిస్తాను.