సన్మానం చేసి బెంచీ మీద కూర్చోబెట్టాను

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే ఒప్పుకుంటాను. పరిగెత్తాల్సిన పిల్లను పట్టుకొచ్చి, మెడలో గులాబీ దండ వేసి, రెండు గంటలకు పైగా కుర్చీలో కూర్చోబెట్టాను. కావలసినంత నవ్వండి. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

ఆ పిల్ల అమాని. మా పెద్దనాన్న కొడుకు యాదన్న కూతురు, నన్ను కాకా అంటుంది. తల్లి గ్రేస్ వదినది కెన్యా. చదువుకోవడానికి వచ్చి, యాదన్నను పెళ్లాడి, నాచారంలోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్లకే అమానిని వేరే రాష్ట్రం ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి తీసుకుంది. ఆటే ఉద్యోగం. కానీ ఆ సీజనంతా బెంచీ మీదే గడిచింది. చివరికి ఉప్పల్‌లో జరిగే మ్యాచ్‌కు మొదటి పదకొండు మందిలో పేరొచ్చింది. కోచ్ మేడమ్ పెట్టిన షరతు ఒకటే: రెండింటికల్లా గ్రౌండ్‌లో ఉండాలి, లేకపోతే ఆట లేదు.

నేనప్పుడే కాలనీ సంఘానికి కార్యదర్శినయ్యాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త కార్యదర్శి గడియారమే ఎరగడు.

"సన్మానం పదకొండింటికి షురూ, పన్నెండింటికి ఖతం," అన్నాను మ్యాచ్ రోజు పొద్దున యాదన్నతో.

"ఇయ్యాల వద్దు నర్సింహా. ఆట అయినంక చేద్దాం."

"గెలిచినంక అందరూ చేస్తరన్నా. ముందుగాల చేస్తెనే మనం చేసినట్టు."

ఫ్లెక్సీలో నా ముఖం బండి చక్రమంత, అమాని ముఖం చొక్కా బొత్తామంత. వెనకాల బొమ్మ క్రికెట్ స్టేడియం. ఆట పిల్లది, ఆర్భాటం నాది.

పదకొండున్నరకు ముఖ్య అతిథి అంబర్‌పేట్‌లో బయల్దేరారని ఫోనొచ్చింది. పన్నెండున్నరకూ అదే ఫోను, అదే అంబర్‌పేట్. ముఖ్య అతిథి రాకుండా శాలువా కప్పడం మా కాలనీలో మహాపరాధం.

"కాకా, టైమైతుంది," అంది అమాని.

"జర ఆగు బిడ్డా. శాలువా కప్పుకోకుంట పోతవా?"

ఖాళీ సమయం కనబడితే నాలాంటివాడు ఏం చేస్తాడో మీకు తెలుసు. మైకు అందుకున్నాను.

"గోల్స్ మీద గోల్స్ కొట్టిన మన బిడ్డ..."

"నేను డిఫెండర్‌ని కాకా," అంది అమాని మెల్లగా. "గోల్స్ కొట్ట, ఆపుత."

"ఆపిన గోల్స్ కూడ గోల్సే," అన్నాను మైకులో. జనం నవ్వారు. దాంతో నాకు రెక్కలొచ్చాయి. "తల్లిది ఆఫ్రికా రక్తం గనక కాళ్లల్ల ఉరుకుడు వచ్చింది. తండ్రిది మన రక్తం గనక తలకాయల తెలివి వచ్చింది."

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో గ్రేస్ వదిన మాత్రం కొట్టలేదు. చేతిలో సంచి ఉంది కాబట్టి కొట్టలేదనుకున్నాను. చూశారా, నా తలకాయలోని తెలివి.

ఒకటింబావుకు అతిథి వచ్చారు. ఆయన శాలువా, ఆ తర్వాత కమిటీ సభ్యులు పదకొండు మందివి పదకొండు శాలువాలు, ప్రతి దానికీ ఒక ఫోటో. పిల్ల దుప్పట్ల కొట్టులా తయారైంది. బయటికొచ్చేసరికి నేను సిద్ధం చేసిన టాపు లేని జీపు, ముందు తీన్‌మార్ బ్యాండు.

"నేను ఆటోల పోత కాకా."

"ప్లేయర్‌వి, ఆటోల పోతవా?"

బ్యాండు నడిచినంత వేగంగానే జీపు నడిచింది. ఉప్పల్ చౌరస్తా దగ్గర అదీ ఆగిపోయింది. అమాని శాలువాలన్నీ నా ఒళ్లో పడేసి, సంచి భుజాన వేసుకుని, బస్సుల మధ్య నుంచి పరుగు తీసింది. ఆమె పరుగు నేను చూడడం అదే మొదటిసారి.

చేరేసరికి రెండూ ఇరవై. కోచ్ జాబితాలో ఆమె పేరు కొట్టేసింది.

తొంభై నిమిషాలూ అమాని బెంచీ మీద, నేను సరిగ్గా ఎదురుగా గ్యాలరీలో. ఎవరు గెలిచారో నాకిప్పటికీ తెలియదు.

ఆట కాగానే కోచ్ దగ్గరికి ఉరికాను. "తప్పు నాది మేడమ్, పిల్లది కాదు."

ఆమె హిందీలో, చాలా మర్యాదగా అంది: "అలాగైతే మిమ్మల్ని కూర్చోబెట్టాలి. కానీ మీరు నా టీంలో లేరు కదా."

సాయంత్రం యాదన్న ఇంటికి వెళ్లాను. ఆలస్యం గురించి ఏదో గొణుగుతుంటే గ్రేస్ వదిన ఆపింది.

"లేటు సంగతి పిల్లతోని మాట్లాడుకో నర్సింహా. రక్తం సంగతి నాతోని మాట్లాడు. స్కూల్ల ఉరుకుడు పందెం ఉందంటే జొరమని పండుకునేదాన్ని నేను."

"గట్ల జూస్తె ఉరుకుడు మా అమ్మదే," అన్నాడు యాదన్న. "మన ఊరు నారపల్లిల బర్రె తప్పించుకుంటె మూడు చెలకలు దాటి పట్టుకొచ్చేది."

అంటే ఆ ఉరుకుడు మా ఇంట్లోనే ఉంది. నేను మాత్రం వాళ్ల మెట్లెక్కి ఇంకా రొప్పుతున్నాను.

"నాయినమ్మది గాదు, అమ్మది గాదు," అంది అమాని తలెత్తకుండా. "ఆరేండ్ల సంది పొద్దుగాల అయిదింటికి లేస్తున్న. ఉరుకుడు నాది. కాకా, నువ్వు ఎన్నడన్న నా ఆట చూసినవా?"

"ఇయ్యాల చూద్దామనే..."

"ఇయ్యాల నేనాడలే గదా."

వదినకు చేతులు జోడించాను. చాలదనిపించింది. ఆ తర్వాతి ఆదివారం కాలనీ అందరినీ పిలిచి, రక్తం గురించి నేనన్న మాట తప్పని, గ్రేస్ వదిన ఎదుటే చెప్పాను. ఈసారి ముఖ్య అతిథి లేడు కాబట్టి నాలుగు నిమిషాల్లో అయిపోయింది. కోచ్‌కు జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి పంపాను. జవాబు రాలేదు. మూడు మ్యాచ్‌ల తర్వాత అమాని పేరు మళ్లీ జాబితాలోకి వచ్చింది. ఎవరికీ చెప్పకుండా రైలెక్కి వెళ్లి, మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా చూశాను.

బయట నన్ను చూసి అమాని ఆగింది. "ఎట్లుంది కాకా, ఆట?"

"నాకింకా తెల్వదు బిడ్డా. ఇంకో పది మ్యాచ్‌లు చూసినంక చెప్త."

కీసర రామలింగేశ్వరుడి మీద ఒట్టు: ఇక ఎవరి చెమటనూ ఇంకెవరి రక్తమని చెప్పను. ఆట చూడనిదే ఆటగాళ్లను పొగడను. చూశాక కూడా, వాళ్లకు తీరిక ఉందో లేదో అడిగే పొగుడుతాను.