ఓబులేసు గారి ఎడమ చెయ్యి

అది 2023, వానాకాలం. నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల వెనక, పాత ఊరి సందులో మా షెడ్డు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తప్ప వేరే పని ముట్టను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు విప్పుతూ పని నేర్చుకున్నవాణ్ని. ఇక్కడికొచ్చాక, ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేక సాఫ్ట్‌వేర్ వాళ్లంతా ఆటోమేటిక్ బళ్లు కొంటుంటే నేనూ వాళ్ల వెనకే ఈ పనిలోకి మారాను. మంచి పనివాడినని పేరుంది. నోటి దురుసు మనిషినని అంతకంటే ఎక్కువ పేరుంది.

నా దురుసులో సగం, ఫోన్లో రోజూ వినే ఒకే ఒక్క ప్రశ్న వల్ల వచ్చింది. "ఆటోమేటిక్ సర్వీసుకి ఎంతవుతుందండీ?" బండి చూడకుండా ఏం చెప్పను? మామూలు బండిలో ఎడమ కాలితో క్లచ్ తొక్కి, ఎడమ చేత్తో గేరు మారుస్తాం. ఆటోమేటిక్‌లో ఆ పని లోపలున్న నూనె చేస్తుంది. ఏటీఎఫ్ అంటాం దాన్ని. లోపలి క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది అదే, చల్లబరిచేదీ అదే. పికప్ ట్రక్కుకైతే తొమ్మిది పది లీటర్లు పడుతుంది. సకాలంలో వస్తే ఆ నూనె, ఫిల్టరు, అడుగున నూనె కారకుండా వేసే పాన్ గాస్కెట్, మా కూలీ అన్నీ కలిపి పాతిక వేలలో తేలిపోతుంది. ప్లేట్లు కాలిపోయాక వస్తే మాత్రం బాక్సు దించి మొత్తం విప్పాలి. అప్పుడు లక్షన్నర, రెండు లక్షలు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా, మర్నాడు ఇంకొకరు ఫోన్ చేసి అదే అడుగుతారు.

ఓబులేసు గారు మాత్రం ఫోన్ చేయకుండా నేరుగా వచ్చారు. పికప్ వెనక నిండా మొక్కల కుండీలు. యాభై దాటిన మనిషి. దిగేటప్పుడు ఎడమ కాలిని చేత్తో పట్టి ఎత్తి బయట పెట్టి, దాని మీద బరువు ఆన్చి లేచారు. పెట్టుడు కాలు, తొడ సగం నుంచి. వెంట వాళ్లావిడ రమణమ్మ గారు. కడప వైపు మనుషులు. ఊరి చివర చిన్న నర్సరీ పెట్టుకుని మణికొండ అపార్ట్‌మెంట్లకీ, ఇక్కడి ఆఫీసులకీ మొక్కలు చేరవేస్తారు.

"డ్రైవ్‌లో ఏస్తే బండి కదల్దు సారూ. ఒగటీ రెండూ మూడూ అని లెక్కబెట్టినాక దన్నుమని దూకుతాది. సర్వీసుకు ఎంతయితాది?" అన్నారు.

"చూడకుండా చెప్పడానికి నేనేమన్నా సోది చెప్పేవాణ్నా అండీ?" అన్నాను.

ఆయన కోప్పడలేదు, నవ్వారు. "అడిగేది మా అలవాటు, అరిచేది మీ అలవాటు. కానీయండి."

నాలుగు చుక్కల నూనె తీసి తెల్ల కాగితం మీద వేశాను. ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాక్షన్‌లా ఉంది, పైగా మాడు వాసన. సర్వీసుతో పోయే జబ్బు కాదని, బాక్సు దించాలని, ఎంత లేదన్నా లక్షా అరవై వేలవుతుందని చెప్పాను. రమణమ్మ గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఈయనకు లైసెన్సు ఈ మాదిరి బండికే ఇచ్చిండారు సార్. ఈ బండి లేకుంటే మనిషి ఇంట్లో మూలన కూచోవాల. చేసెయ్యండి" అన్నారు. బేరం ఆడలేదు. నాలుగేళ్ల కిందట ఒక సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర కొన్న పాత బండి అది. ఇంకొకటి కొనే స్తోమత లేదని వాళ్లు నోరు తెరిచి చెప్పక్కర్లేకుండానే తెలుస్తోంది.

బాక్సు విప్పితే ఆశ్చర్యపోయాను. మామూలుగా అరిగితే అన్ని గేర్ల ప్లేట్లూ కొద్దో గొప్పో అరగాలి. ఇక్కడ ఒక్క ఫార్వర్డ్ క్లచ్ ప్లేట్లు మాత్రమే బొగ్గయిపోయాయి. మిగతావి శుభ్రంగా ఉన్నాయి. న్యూట్రల్ నుంచి డ్రైవ్‌లోకి లివర్ వేసినప్పుడల్లా పట్టుకునేది ఆ క్లచ్చే. అంటే ఈ బండిలో ఎవరో పొద్దస్తమానం లివర్ ఆడిస్తున్నారు. వెంటనే ఫోన్ చేశాను.

"సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేస్తారా?"

"చేస్తా సారూ."

"ఫ్లైఓవర్ దిగేటప్పుడు?"

"చేస్తా. డీజిల్ మిగుల్తాది గదా."

"దిగాక, బండి పరుగులో ఉండగానే మళ్లీ డ్రైవ్‌లో కొడతారు. అవునా?"

"అవును" అన్నారు మెల్లగా.

ఇక నా నోటికి హద్దు లేకపోయింది. గేరు బండి అలవాట్లు గేరు బండితోనే వదిలెయ్యాలని, పది రూపాయల డీజిల్ కోసం లక్షన్నర బాక్సుని తగలేశారని, మళ్లీ ఇలాగే చేస్తే ఆరు నెలల్లో నా దగ్గరికే వస్తారని, అప్పుడు నేను చేతులెత్తేస్తానని చెప్పాను. ఆయన అన్నిటికీ "సరే సారూ, సరే సారూ" అన్నారు. ఆ "సరే"లు విని బుద్ధి వచ్చిందనే అనుకున్నాను.

తొమ్మిదో రోజుకి బండి సిద్ధమైంది. అప్పగించే ముందు ఆయన్నే నడపమని పక్కన కూర్చున్నాను. బండి వెన్నలా పోతోంది. మొదటి సిగ్నల్ దగ్గర ఆగాం. ఆయన ఎడమ చెయ్యి వెళ్లి లివర్‌ను న్యూట్రల్‌లోకి తోసింది.

"ఊఁ" అన్నాను.

"అయ్యో, మర్చిపోయినా" అని వెనక్కి వేశారు. రెండో సిగ్నల్ దగ్గరా అంతే. మూడో సిగ్నల్ దగ్గర ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టేసుకున్నాను. "ఒకసారి చెబితే అర్థం కాదా అండీ మీకు? లివర్ చుట్టూ ఇనప డబ్బా చేయించి బిగిస్తాను, అప్పుడు గానీ దారికి రారు" అన్నాను.

ఆయన సిగ్నల్ దాటి, బండి పక్కకు తీసి ఆపారు. నా వైపు చూడకుండా అద్దంలోంచి రోడ్డునే చూస్తూ మాట్లాడారు.

"ఇరవై రెండేండ్లు లారీ తోలినా సారూ. సిమెంటు, ఉల్లిగడ్డలు, ఏది దొరికితే అది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను గొంతు మారితే చెయ్యి గేరు మీదికి పోయేది. నేను పంపిచ్చేది కాదు, అదే పోయేది. ఏడేండ్ల కిందట కాలు పోయినప్పుడు డాక్టరు నాకు చెప్పినాడు, మా ఇంటామెకు చెప్పినాడు. ఈ చేతికి ఎవురూ చెప్పలే."

"మరి డీజిల్ మిగులుతుందన్నారు?"

"డీజిలా? అది మీకు చెప్పిన మాట. ఆ లివరు జరిపితే అరచేతిలో టక్కుమంటాది సారూ. ఆ టక్కు కోసరం. ఇంగేం లేదు. డబ్బా బిగిచ్చండి, మంచిదే."

లారీ గేరు రాడ్డు అరచేతిలోకి తన్నే ఆ దెబ్బ నాకు తెలియనిదా! ఆటోనగర్‌లో బాక్సు బిగించి మొదటి గేరు వేసినప్పుడల్లా అది తగిలేది. హైదరాబాదు వచ్చాక దాన్ని ఎప్పుడు పోగొట్టుకున్నానో కూడా గమనించుకోలేదు. ఈ మనిషి గమనించుకుని, ఏడేళ్లుగా దాని కోసం అలమటిస్తున్నాడు. నేనేమో చేతికి సంకెళ్లు వేస్తానన్నాను. చాలా సిగ్గేసింది.

షెడ్డు దగ్గర ఆయన బిల్లు కాగితాలు సర్దుకుంటుంటే రమణమ్మ గారు నా పక్కకి వచ్చారు. "అన్నం తినేటప్పుడు గూడా ఎడమ చెయ్యి మంచం పట్టెను పట్టుకోని ముందుకీ యెనక్కీ అంటాంటాది సార్. చూసి గూడా చూడనట్టు ఉంటా నేను. ఏమని అడగాల?" అన్నారు.

డబ్బా సంగతి నేను మళ్లీ ఎత్తలేదు. ఆదివారం పొద్దున్నే ఒకసారి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు, ఎందుకంటే నాకే పూర్తిగా తెలియదు.

మా సందు మొదట్లో యాదగిరి డ్రైవింగ్ స్కూలు ఉంది. అతని కారు డ్యూయల్ కంట్రోల్ కారు. అంటే నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. రెండు వైపుల పెడళ్లూ రాడ్లతో కలిపి ఉంటాయి కాబట్టి ఒకరు తొక్కితే రెండో వైపు పెడల్ కూడా దానంతటదే దిగుతుంది. నేను వెళ్లి కారు అడిగాను.

"ఏందన్నా, గీ వయసుల డ్రైవింగ్ నేర్చుకుంటవా?" అని యాదగిరి నవ్వాడు. సంగతంతా చెప్పాక నవ్వు ఆపి తాళం చేతిలో పెట్టాడు. "రోడ్డు మీదికి మాత్రం తేకు. పట్నం అవతల మా బామ్మర్ది వెంచరుంది, రోడ్లేసిన్రు, ఒక్క ఇల్లు లేదు. గాడ తిప్పు. జర పైలం. పెట్రోలు ఫికర్ చెయ్యకు, నిండా ఉంది."

నిజంగానే ఆ వెంచర్‌లో నలభై అడుగుల సిమెంటు రోడ్లు, పేర్లు రాసిన బోర్డులు, వీధి దీపాలు అన్నీ ఉన్నాయి, మనుషులు తప్ప. ఆదివారం ఓబులేసు గారిని ఎక్కించుకుని అక్కడిదాకా నేనే నడిపి, దిగి, ఆయన్ని స్టీరింగ్ ముందు కూర్చోమన్నాను. ఆయన కింద మూడు పెడళ్లు చూసి, తర్వాత నా వైపున్న పెడళ్లు చూశారు. విషయం అర్థమైంది. మాట్లాడకుండా పెట్టుడు కాలు విప్పి వెనక సీట్లో పెట్టారు. ఖాళీ ప్యాంటు కాలిని మడిచి తొడ కింద దోపుకున్నారు.

"క్లచ్ నాది. మిగతావన్నీ మీవి" అన్నాను.

మొదటి గేరు పడింది. రెండోది వేసేటప్పుడు నేను ఆలస్యంగా తొక్కాను, బాక్సు కర్రుమని అరిచింది.

"క్లచ్చి! నిద్రపోతాండారా సారూ?" అని కసిరారు ఆయన. నన్ను గేర్‌బాక్సు విషయంలో ఒకరు కసరడం పాతికేళ్ల తర్వాత అదే మొదటిసారి. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

రెండు రౌండ్లు అలాగే తిట్లు తిన్నాను. మూడో రౌండులో ఆయన చెప్పడం మానేశారు, నేను ఆయన చేతిని చూడడం మానేశాను. ఇంజను గొంతు పెరిగేది, నా కాలు దిగేది, ఆయన చెయ్యి కదిలేది. మూడు, నాలుగు, మలుపు దగ్గర మళ్లీ మూడు, రెండు. ఎక్కడా చప్పుడు లేదు. ఒకసారి అనుకోకుండా కిందికి చూశాను. ఆయన వైపు క్లచ్ పెడల్, మీద ఏ కాలూ లేకుండా దిగి లేస్తోంది. దాని పైన, మడిచిన ప్యాంటులో ఉన్న సగం తొడ, పెడల్ దిగిన ప్రతిసారీ తనే తొక్కుతున్నట్టు లేచి కిందికి నొక్కుతోంది. ఆ సంగతి ఆయనకు తెలియడం లేదు. ఆయన చూపంతా రోడ్డు మీదే ఉంది.

గంటన్నర తిరిగాం. చివరికి ఆయనే ఒక పక్కగా ఆపి, న్యూట్రల్ చేసి, గేరు రాడ్డు మీద చెయ్యి తీయకుండా కూర్చున్నారు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకి.

"నెలకొక తూరి నీ కాలు ఇయ్యి సారూ" అన్నారు. అంతవరకూ నన్ను 'మీరు' అన్న మనిషి. "మిగిలిన దినాలు ఆ బండిలో ఈ చేతిని ఒళ్లో పెట్టుకోని కూచుంటా. నా మాట నమ్ము."

నమ్మాను. మొదట్లో నాలుగైదు సార్లు చెయ్యి మాట వినలేదట. ఆ రోజుల్లో ఆయనే ఫోన్ చేసి, "ఇయ్యాల బొటానికల్ గార్డెన్ సిగ్నల్ కాడ తప్పు చేసినా సారూ" అని ఒప్పుకునేవారు. నేను తిట్టేవాణ్ని, ఆయన నవ్వేవారు. ఇప్పుడు అలాంటి ఫోన్లు రావడం లేదు. బాక్సు బాగుంది, మొక్కలు తిరుగుతున్నాయి.

ఈ కేసు నాకేం నేర్పిందంటే, నేను ఇన్నేళ్లూ బండినే అడిగాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, నూనె ఎప్పుడు మార్చారు, ఇవే నా ప్రశ్నలు. చెడు అలవాటు కనిపిస్తే నిర్లక్ష్యం అనుకుని తిట్టాను. అది కొందరిలో బెంగ కూడా కావచ్చని నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఖర్చు ఎంతో చెప్పే ముందు ఇంకొకటి అడుగుతున్నాను: "ఇంతకు ముందు ఏ బండి నడిపేవారండీ?" చాలామంది ఖర్చు సంగతి పక్కన పెట్టి, జ్ఞాపకాల్లో వెతుక్కుని మరీ జవాబు చెబుతారు. నోటి దురుసు మాత్రం తగ్గలేదని మా షెడ్డులో వాళ్లంటారు, అది వేరే సంగతి.

మొన్న ఆదివారం కూడా వెళ్లాం. ఆ వెంచర్‌లో ఇప్పుడు ఇళ్లు లేస్తున్నాయి, చివరి రెండు వీధులే మాకు మిగిలాయి. అయినా రెండు గంటలు తిరిగాం. నేను కారు దిగి ఎడమ మోకాలు రుద్దుకుంటుంటే ఆయన చూశారు.

"కాలు నొప్పి పుడతాందా సారూ?"

"లేదండీ" అన్నాను.

ఆయన సీట్లోంచి లేవకుండా, మడత విప్పిన ఖాళీ ప్యాంటు కాలి మీద, పిక్క ఉండాల్సిన చోట చేత్తో నిమురుకున్నారు.

"నాకు పుడతాంది" అన్నారు సంతోషంగా.